"ఆయన మంచివాడే, కోపమొస్తేనే..."

1973 ఆగస్టు 23, గురువారం పొద్దున. స్వీడన్ రాజధాని స్టాక్‌హోమ్ నడిబొడ్డున నోర్మాల్మ్‌స్టోర్గ్ కూడలిలోని ఒక బ్యాంకులోకి ఒకడు మడిచిన జాకెట్ కింద మెషిన్ గన్ దాచుకుని వచ్చాడు. పేరు యాన్ ఎరిక్ ఓల్సన్. జైలు నుంచి సెలవు మీద బయటికొచ్చి మళ్లీ వెళ్లని ఖైదీ. పైకప్పులోకి తూటాలు పేల్చి బ్యాంకు ఉద్యోగులను పట్టుకున్నాడు. ముప్పై లక్షల క్రోనార్లు, తుపాకులు, బుల్లెట్ ప్రూఫ్ జాకెట్లు, పారిపోవడానికి కారు కావాలన్నాడు. అది చాలదన్నట్టు, జైల్లో ఉన్న క్లార్క్ ఓలోఫ్సన్ అనే మరో దొంగను తెచ్చి తనకు అప్పగించమన్నాడు. ప్రభుత్వం నిజంగానే అతన్ని తెచ్చి బ్యాంకులో వదిలింది. ఈ ఇద్దరు దొంగలు, ముగ్గురు ఆడవాళ్లు, ఒక మగ ఉద్యోగి బ్యాంకు స్ట్రాంగ్ రూమ్‌లో ఉండిపోయారు. మొత్తం వ్యవహారం ఆరు రోజులు నడిచింది.

ఆ రోజుల్లో జరిగిన రెండు సంగతులను దగ్గరగా చూస్తే తప్ప ఈ అధ్యాయంలో చెప్పబోయేది మనసుకెక్కదు.

బందీల్లో ఒకామెకు మూసిన గదుల్లో ఊపిరాడదు. ఆమె తల్లడిల్లిపోతుంటే ఓల్సన్ ఆమె మెడకు పొడవాటి తాడు కట్టి, అది అందినంత మేర స్ట్రాంగ్ రూమ్ బయట నడవనిచ్చాడు. మెడకు తాడు, రెండో కొస తుపాకి పట్టుకున్నవాడి చేతిలో. ఆ నాలుగడుగులు వేస్తున్నప్పుడు తనకు అతను చాలా దయగలవాడు అనిపించిందని ఆమె తర్వాత చెప్పింది.

రెండోది ఇంకా విచిత్రం. పోలీసులను బెదిరించడానికి ఆ మగ ఉద్యోగి కాలి మీద కాలుస్తానని ఓల్సన్ అన్నాడు. చంపనులే, కాలికే కదా, ఎముకకు తగలకుండా చూస్తానని నచ్చజెప్పాడు. చివరికి కాల్చలేదు. కానీ ఆ మాట విన్నప్పుడు ఉద్యోగికి కలిగింది కోపం కాదు. పోనీలే, కాలితో సరిపెడుతున్నాడు, ఎంత మంచివాడో అనుకున్నాడట.

ఆగస్టు 28న పోలీసులు బాష్పవాయువు వదిలారు. దొంగలు లొంగిపోయారు. బందీలను ముందు బయటికి రమ్మంటే వాళ్లు రాలేదు. మేం ముందు వచ్చేస్తే వెనక మిగిలిన దొంగలను కాల్చేస్తారని వాళ్ల భయం. గుమ్మం దగ్గర బందీలు, దొంగలు కావలించుకుని వీడ్కోలు చెప్పుకున్నారు. ఈ దృశ్యం చూసి లోకం ముక్కున వేలేసుకుంది. పోలీసులకు సలహాదారుగా ఉన్న మానసిక వైద్యుడు నీల్స్ బేయరోట్ దానికొక పేరు పెట్టాడు. అదే తర్వాత స్టాక్‌హోమ్ సిండ్రోమ్‌గా ప్రపంచమంతా పాకింది. ఇప్పుడు మన సినిమా కబుర్లలోనూ, టీవీ చర్చల్లోనూ ఆ మాట మంచినీళ్లలా వాడేస్తున్నారు. కొట్టే మొగుడిని వదలని భార్యను చూపించి, ఆమెకు స్టాక్‌హోమ్ సిండ్రోమ్ అని ఒక్క ముక్కలో తేల్చేస్తున్నారు.

ఆ తేల్చేయడం మీదే నాకు అభ్యంతరం. ఎందుకో చెప్పాలంటే ఆ బ్యాంకు కథను రెండోసారి, లోపలివాళ్ల కళ్లతో చదవాలి.

బందీల్లో క్రిస్టిన్ ఎన్‌మార్క్ అనే 23 ఏళ్ల అమ్మాయి ఉంది. ఆమె స్ట్రాంగ్ రూమ్ నుంచి నేరుగా స్వీడన్ ప్రధానమంత్రి ఓలోఫ్ పాల్మెతో ఫోన్లో మాట్లాడింది. నాకు ఈ దొంగలంటే భయం లేదు, పోలీసులు మీదపడి మమ్మల్ని చంపేస్తారనే భయం, మమ్మల్ని వీళ్లతో పంపించండి అని బతిమాలింది. ప్రధాని ఒప్పుకోలేదు. డ్యూటీలో ఉండగా ప్రాణం పోవడమూ మంచిదే కదా అన్నట్టుగా ఆయన మాట్లాడారని ఆమె తర్వాత చాలాసార్లు చెప్పింది. అప్పుడు స్వీడన్‌లో ఎన్నికలు మూడు నాలుగు వారాల దూరంలో ఉన్నాయి.

ఆ అమ్మాయి భయంలో తప్పేముందో చూడండి. పోలీసులు స్ట్రాంగ్ రూమ్ తలుపును బయటినుంచి మూసేశారు, లోపల బందీలు ఉండగానే. పైనుంచి కప్పుకు రంధ్రాలు తొలవడం మొదలుపెట్టారు. బాష్పవాయువు వదులుతారేమోనని దొంగలు బందీల మెడలకు ఉరితాళ్లు బిగించి నిలబెట్టారు, గ్యాస్‌కు స్పృహ తప్పి పడిపోతే ఉరి పడేలా. ఆ స్థితిలో నిలబడ్డ మనిషికి ఏది ఎక్కువ ప్రమాదం? కళ్లెదుట ఉండి, ఇప్పటిదాకా చంపని దొంగా? పైన డ్రిల్లు మోతతో దిగుతున్న పోలీసులా? ఎన్‌మార్క్ లెక్క వేసుకుంది. ఆ లెక్క కొంతవరకు సరైనదే.

తనను ఒక్కసారి కూడా కూర్చోబెట్టి మాట్లాడకుండానే బేయరోట్ ఆ పేరు పెట్టాడని ఎన్‌మార్క్ తర్వాత ఏళ్ల తరబడి మొత్తుకుంది. తాను చేసింది బతికి బయటపడటం, దాన్ని జబ్బు అన్నారు అని ఆమె బాధ. తర్వాతి కాలంలో ఆమె మానసిక చికిత్స చేసే వృత్తిలోకే వెళ్లింది. మానసిక వైద్యులు రోగనిర్ధారణకు వాడే ప్రామాణిక గ్రంథాల్లో స్టాక్‌హోమ్ సిండ్రోమ్ అనే జబ్బు ఇప్పటికీ లేదు. పోలీసుల తీరును తప్పుపట్టిన ఒక అమ్మాయి మాటకు విలువ లేకుండా చేయడానికి ఆ పేరు పనికొచ్చిందన్నది నా అభిప్రాయం. ఆ పనికే అది ఇవాళ మన ఇళ్లలోనూ వాడకంలో ఉంది.

అలాగని బందీకి, బంధించినవాడికి మధ్య ఏమీ జరగదని కాదు. జరుగుతుంది. లోతుగానే జరుగుతుంది. అది తెలుసుకోవడం మీకు రెండు విధాల అవసరం: మీకు కావలసినవాళ్లు అలాంటి చోట చిక్కుకుంటే సాయం చేయడానికి, మీరే చిక్కుకుని ఉంటే ఆ సంగతి పోల్చుకోవడానికి.

జరిగేవాటిలో మొదటిది ఊరట. తొలి క్షణాల్లో బందీకి తెలిసేది ఒకటే, చచ్చిపోతాను అని. అన్నం, నీళ్లు, బాత్‌రూమ్, నిద్ర అన్నీ ఎదుటివాడి అనుమతి మీదే. పెద్దమనిషి పసిబిడ్డ స్థితికి వచ్చేస్తాడు. ఆ తర్వాత బంధించినవాడు ఒక గ్లాసు నీళ్లిస్తాడు. లేదా దుప్పటి కప్పుతాడు. చంపుతాడనుకున్న చెయ్యి నీళ్లిచ్చేసరికి లోపల పొంగే ఊరట మామూలుది కాదు. ఆ ఊరటకు మనసు వెతుక్కునే పేరు కృతజ్ఞత. ఆ దాహం ఎవడి వల్ల వచ్చిందో ఆ క్షణాన గుర్తుకు రాదు.

1999 డిసెంబరులో కాందహార్‌కు దారి మళ్లించిన ఇండియన్ ఎయిర్‌లైన్స్ విమానంలోనూ ఇదే చూశాం. కొత్తగా పెళ్లయి భార్యతో తిరిగి వస్తున్న ఒక యువకుడిని హైజాకర్లు పొడిచి చంపారు. వాళ్లలో బర్గర్ అనే మారుపేరుతో ఉన్నవాడు ప్రయాణికులతో కబుర్లాడాడు, అంత్యాక్షరి ఆడించాడు. ఒక ప్రయాణికురాలి పుట్టినరోజని తెలిసి తన శాలువా తీసి ఇచ్చాడు. ఆమె దాన్ని ఏళ్ల తరబడి దాచుకుంది. ఎనిమిది రోజులు చావు అంచున కూర్చున్న మనిషికి ఆ శాలువా ఎంత బరువైనదో, సోఫాలో కూర్చుని టీవీ చూసిన మనకు అంతుపట్టదు. ఆమెను ఎగతాళి చేసే హక్కు మనకు లేదు.

రెండోది, బందీ చూపు. బలహీనుడు బలవంతుడి ముఖాన్ని పరీక్షకు చదివినట్టు చదువుతాడు. వాడి కనుబొమ్మ ముడిపడితే ఏమవుతుందో, గొంతు మారితే ఏమవుతుందో, ఏ మాటకు చల్లబడతాడో. పొద్దస్తమానం ఎదుటివాడి మనసులో కాపురం ఉంటే కొన్నాళ్లకు వాడి భయాలు, వాడి కోపాలు, వాడి బాధలు మనవిగా తోస్తాయి. మన మనసు ఎక్కడుందో మరచిపోతాం. ప్రేమ పుట్టిందని బయటివాళ్లు అనుకునేది చాలాసార్లు ఈ కాపలా కాసే అలవాటే.

మూడోది రెండువైపులా పనిచేస్తుంది. పక్కపక్కనే తిని, పక్కపక్కనే పడుకుంటే బంధించినవాడికీ ఎదుట ఉన్నది మనిషని తెలిసిపోతుంది. ఓల్సన్ తర్వాత ఒక ఇంటర్వ్యూలో తప్పంతా బందీలదే అన్నాడు. చెప్పిందల్లా చేశారు, రోజుల తరబడి ఒకరితో ఒకరం బతికాం, ఇక చంపడం ఎలా అని అతని గోడు. 1975 డిసెంబరులో నెదర్లాండ్స్‌లో మొలుక్కన్ యువకులు ఒక రైలును పట్టుకున్నప్పుడు, చంపడానికి ఎంచుకున్న ప్రయాణికుల్లో ఒక పత్రికా సంపాదకుడు ఉన్నాడు. చనిపోయేముందు కుటుంబానికి నాలుగు మాటలు చెప్పుకుంటానన్నాడు. తన కాపురంలోని కష్టాలు, తాను చేసిన పొరపాట్లు తోటి ప్రయాణికుడికి చెబుతుంటే ఆ యువకులు విన్నారు. విన్నాక అతన్ని చంపలేకపోయారు. వేరే ప్రయాణికుడిని తీసుకుపోయి కాల్చారు. దయ ఎక్కడ మొదలైందో అక్కడే దాని హద్దు కూడా కనిపిస్తుంది.

అందుకే బందీలను విడిపించే చర్చల్లో అనుభవం ఉన్నవాళ్లు తొందరపడరు. గంటలు గడవనిస్తారు. బందీల పేర్లు మాటిమాటికీ పలుకుతారు. 2011 ఫిబ్రవరిలో ఒడిశాలోని మల్కన్‌గిరి కలెక్టర్, మన తెలుగువాడైన వినీల్ కృష్ణను మావోయిస్టులు తీసుకుపోయినప్పుడు ప్రొఫెసర్ హరగోపాల్ వంటివాళ్లు మధ్యవర్తులుగా వెళ్లారు. వారం పైచిలుకు మాటలు నడిచాయి, కలెక్టర్ క్షేమంగా బయటపడ్డారు.

ఇక్కడొక హెచ్చరిక చేయాలి. బంధించినవాళ్ల గురించి ఒక మంచిమాట అన్న ప్రతి బందీకీ మతిపోయిందని అనుకోకూడదు. 1987 డిసెంబరులో తూర్పుగోదావరి మన్యంలో గుర్తేడు దగ్గర పీపుల్స్‌వార్ దళం ఐఏఎస్ అధికారులను పట్టుకుంది. వారిలో ఎస్.ఆర్. శంకరన్ ఒకరు. జైల్లో ఉన్న నక్సలైట్లను ప్రభుత్వం వదిలాక వీళ్లు విడుదలయ్యారు. పదేళ్ల తర్వాత శంకరన్ పౌరస్పందన వేదికకు నాయకత్వం వహించి, అటు పోలీసుల హింసనూ ఇటు నక్సలైట్ల హింసనూ ప్రశ్నిస్తూ చర్చలకోసం తిరిగారు. అడవిలో గడిపిన ఆ గంటలే ఆయన్ని మార్చాయని ఎవరైనా అంటే అది ఆయన జీవితాన్ని అవమానించడమే. అంతకు ఎన్నో ఏళ్ల ముందు, వెట్టిచాకిరి నుంచి కూలీలను విడిపించడానికి ఊరూరా తిరిగినప్పుడే ఆయన పక్షం తేలిపోయింది. మనిషి చెప్పే మాటను వినకుండా, ఆ మాట వెనక జబ్బును వెతకడం సులువైన దారి. తప్పుడు దారి కూడా.

ఇప్పుడు తుపాకీ లేని బందిఖానాకు వద్దాం. ఈ అధ్యాయం రాయడానికి అసలు కారణం అదే.

కొరియా యుద్ధంలో పట్టుబడ్డ అమెరికా వైమానిక దళ సైనికులు శత్రువుకు ఎలా లొంగిపోయారో ఆల్బర్ట్ బిడర్‌మన్ అనే పరిశోధకుడు 1957లో ఒక పట్టికలో చూపించాడు. నలుగురిలో కలవనీయకపోవడం. ఎప్పుడూ తాను చిక్కుకున్న స్థితి గురించే ఆలోచించేలా చేయడం. నిద్ర, తిండి తగ్గించి నీరసపరచడం. బెదిరింపు. మధ్యమధ్య ఒక చిన్న దయ. తనను మించినవాడు లేడని చూపించడం. పరువు తీయడం. అర్థంలేని చిన్న చిన్న నియమాలు పెట్టి వాటిని తు.చ. తప్పకుండా పాటించమనడం. యుద్ధఖైదీల కోసం రాసిన ఈ పట్టికను తర్వాత గృహహింస మీద పనిచేసేవాళ్లు చేతిలోకి తీసుకున్నారు, ఎందుకంటే బాధిత స్త్రీలు చెప్పే సంగతులు దీంతో అచ్చంగా సరిపోయాయి. 1992లో జూడిత్ హెర్మన్ అనే అమెరికా మానసిక వైద్యురాలు బందీలను, యుద్ధఖైదీలను, ఇంట్లో దెబ్బలు తినే భార్యలను ఒకే పుస్తకంలో పక్కపక్కన నిలబెట్టింది.

మీ వీధిలోనే చూడండి. "మీ అమ్మ ఫోన్ చేస్తే స్పీకర్ పెట్టు." "కూరలో ఉప్పు చూసే వేశావా?" "జీతం కార్డు నా దగ్గరే ఉంటుంది, నీకెందుకు శ్రమ." "నువ్వు చదివిన చదువుకి ఎవడు ఉద్యోగమిస్తాడు?" నెల్లాళ్లు ఇలా నడిచాక ఒక సాయంత్రం మల్లెపూలు, ఒక సినిమా. ఆ సాయంత్రమే ముడిని బిగించేది. రోజూ కొట్టేవాడిని వదిలి రావడం ఒక్కోసారి సులువు. ఎప్పుడు కొడతాడో, ఎప్పుడు పూలు తెస్తాడో తెలియనివాడిని వదలడం కష్టం. కెనడా పరిశోధకులు డటన్, పెయింటర్ 1981లో చెప్పింది దాదాపు ఇదే: ఇద్దరి మధ్య బలంలో పెద్ద తేడా ఉండి, హింస, ఆప్యాయత వంతులవారీగా వస్తుంటే అనుబంధం గట్టిపడుతుంది.

గుంటూరు వైపు ఒక ఇంటి వరండాలో అక్కచెల్లెళ్లిద్దరి మధ్య నడిచిన మాటలు ఇవి. పేర్లు అవసరం లేదు, ఇలాంటి వరండాలు చాలా ఉన్నాయి.

"చెయ్యి చూడు ఎలా వాచిందో. ఇంకా ఎన్నాళ్లే? సామాన్లు సర్దుకుని మా ఇంటికి వచ్చెయ్."

"ఆయన మంచివాడే అక్కా, కోపమొస్తేనే... మొన్న బాబుకి జ్వరమొస్తే రాత్రంతా ఒళ్లో వేసుకుని కూర్చున్నారు."

"నీకసలు బుద్ధుందా?"

"ఇదిగో, ఇలా అంటావనే నీకేం చెప్పను."

"పోనీ నాన్నకి చెప్పావా?"

"చెబితే? పెద్దమనుషుల్ని వెంటబెట్టుకొస్తారు. వాళ్లు నాలుగు మాటలు చెప్పి, కాఫీలు తాగి వెళ్తారు. వాళ్లు వెళ్లాక ఆ ఇంట్లో ఉండేది నేనేగా అక్కా."

ఆఖరి మాటను ఇంకోసారి చదవండి. క్రిస్టిన్ ఎన్‌మార్క్ ప్రధానమంత్రికి చెప్పింది ఇదే. విడిపించడానికి వచ్చేవాళ్లంటేనే నాకు భయం అని. ఈ చెల్లెలికి మతిపోలేదు. ఆమె లెక్క ఆమెకుంది. అల్లుడి కాళ్లావేళ్లా పడి సర్దిచెప్పి పంపే తండ్రి, పంచాయితీ చేసి వెళ్లిపోయే పెద్దలు, అక్క ఇంట్లో ఎన్నాళ్లుంటావని మొహం మీదే అడిగే బావగారు, స్టేషన్లో "కాపురమన్నాక ఇవన్నీ మామూలే అమ్మా" అనే మాట. వీటన్నిటిని ఒక పక్కన పెట్టి, నెలకొకసారి మంచిగా ఉండే భర్తను ఇంకో పక్కన పెడితే, ఏది తక్కువ ప్రమాదమో ఆమె ప్రతి రాత్రీ బేరీజు వేసుకుంటోంది. ఆమె ఎందుకు బయటికి రాదు అని అడిగే బదులు, బయట మనం ఆమెకోసం ఏం సిద్ధంగా ఉంచామని అడగాలి. నేను చెప్పదలచింది ఈ ఒక్క ముక్కే. మిగతాదంతా దీని అమలు.

మీరు ఆ అక్క స్థానంలో ఉంటే ముందు అతన్ని తిట్టడం మానండి. మీరు అతన్ని తిట్టిన ప్రతిసారీ ఆమె అతని తరఫున వకాల్తా పుచ్చుకోవలసి వస్తుంది, ఆ వాదన వాదించి వాదించి తానే నమ్ముతుంది. "బాబుని రాత్రంతా ఎత్తుకున్నాడా, సంతోషం" అనండి. అది నిజమే కావచ్చు కూడా. ఆ తర్వాత నెమ్మదిగా ఇంకో ప్రశ్న అడగండి: "నువ్వు ఈ ఆదివారం మా ఇంటికి వస్తానంటే ఏమవుతుంది?" జవాబు ఆమె నోటినుంచే రావాలి. "ఏమో, అడగాలి" అందనుకోండి, "అడిగితే ఏమంటారు?" అనండి. భయం ఆకారం ఆమెకే కనబడటం మొదలవుతుంది. మీరు తీర్పు చెప్పకూడదు. ఆమె సొంత తీర్పు మళ్లీ పనిచేయడం మొదలుపెట్టాలి, అక్కడ పోగొట్టుకున్నది అదే కనుక.

ఆమె ఇంకా తెగతెంపులు చేసుకోలేదని మీరు తెగతెంపులు చేసుకోకండి. "నా మాట వినవు కాబట్టి నాతో మాట్లాడకు" అనే అక్క, తెలియకుండానే మరిది పని సులువు చేస్తుంది. గోంగూర పచ్చడి ఎలా చేయాలో అడగడానికైనా వారానికి ఒకసారి ఫోన్ చేయండి. స్పీకర్లో ఉన్నా ఫరవాలేదు. ఆ గొంతు వినబడుతూ ఉండటమే ముఖ్యం.

అతన్ని నిలదీయడానికి వెళ్లకండి. మీరు ధైర్యంగా నాలుగు కడిగేసి వచ్చిన రాత్రి దాని ఖరీదు ఆమె చెల్లిస్తుంది. ఇలాంటి బంధంలో అన్నిటికన్నా ప్రమాదకరమైన ఘడియ వదిలి వెళ్లే ఘడియ. కాబట్టి వెళ్లడం బెదిరింపుగా ముందు చెప్పవలసిన విషయం కాదు. ఆధార్, బ్యాంకు పాస్‌బుక్, పిల్లల పుట్టిన సర్టిఫికెట్లు, పెళ్లి ఫొటో, మందుల చీటీలు, దెబ్బల ఫొటోలు, ఇవన్నీ ఒక్కొక్కటే మీ ఇంటికి చేరాలి. మీ వైపు నుంచి మాట ఖచ్చితంగా ఉండాలి. "ఎప్పుడైనా రా" అనేది మాట కాదు. "వెనక గది ఖాళీ చేశాను, మీ బావగారితో మాట్లాడాను, ఆరు నెలలు ఉండు, బాబుని మా వీధి బడిలో చేర్పిద్దాం, అర్ధరాత్రైనా ఫోన్ చెయ్, ఆటో నేనే పంపిస్తా." ఇదీ మాట. లెక్కలో అటువైపు బరువు పెరిగేది ఇలాంటి మాటకే.

చట్టం ఏమిస్తుందో కూడా మీరు తెలుసుకుని ఉంటే ఆమెకు చెప్పగలరు. 2005 గృహహింస చట్టం ప్రకారం, ఇల్లు ఎవరి పేరున ఉన్నా, కాపురమున్న ఇంట్లో ఉండే హక్కు ఆమెకుంది. రక్షణాధికారికి ఫిర్యాదు చేయవచ్చు. 181కి ఫోన్ చేస్తే మహిళా హెల్ప్‌లైన్, ప్రాణం మీదికొస్తే 112. సఖి కేంద్రాల్లో వైద్యం, న్యాయసలహా, తాత్కాలిక ఆశ్రయం ఒకేచోట దొరుకుతాయి. తెలంగాణలో భరోసా కేంద్రాలున్నాయి. లాయరుకు డబ్బు లేకపోతే న్యాయసేవాధికార సంస్థ నంబరు 15100. ఈ నంబర్లు ఆమె ఫోన్లో వేరే పేర్లతో సేవ్ చేయించండి, టైలర్ అనో, గ్యాస్ ఏజెన్సీ అనో.

మీరే లోపల ఉండి ఇది చదువుతున్నారా? అయితే మిమ్మల్ని ఏ నిర్ణయమూ తీసుకోమనను. ఒక్క పని చేయండి. అతను చేసిన మంచి గుర్తొచ్చి గుండె కరిగినప్పుడు, ఆ మంచి తీర్చిన అవసరం ఎవరి వల్ల వచ్చిందో గమనించండి. జ్వరంలో ఉన్న బిడ్డను ఎత్తుకున్నాడు, ఆ జ్వరం అతను తేలేదు, అది మంచే. మీ అమ్మతో పది నిమిషాలు మాట్లాడనిచ్చాడు, మరి మాట్లాడకుండా ఆపింది ఎవరు? మొదటిదానికి సంతోషపడండి. రెండోది మెడలో తాడుతో నడిచిన నాలుగడుగుల లాంటిది. ఈ రెండూ వేరు చేయడం వస్తే చాలు, మిగతాది నిదానంగా వస్తుంది. ఇంకో మాట, ఇన్నాళ్లూ మీరు అతని కోపం కనిపెట్టి, మాట మార్చి, పిల్లల్ని పక్కగదిలోకి పంపి, కూర మళ్లీ వండి నెగ్గుకొచ్చారే, అది పిరికితనం కాదు. అంత తెలివి ఉన్న మనిషికి బయటి బతుకు చేతకాదని ఎవరన్నా నమ్మకండి.

ఈ మధ్య ఈ బందిఖానా వీడియో కాల్‌లోకి కూడా వచ్చింది. రిటైరైన మాస్టారుగారికి ఫోన్ వస్తుంది, మీ పేరున పార్సిల్లో మత్తుమందు దొరికింది, సీబీఐ నుంచి మాట్లాడుతున్నాం, కెమెరా ఆపొద్దు, గదిలోంచి కదలొద్దు, భార్యకైనా చెబితే ఆమెనూ అరెస్ట్ చేస్తాం. తర్వాత లైన్లోకి ఇంకో "అధికారి" వస్తాడు, మృదువుగా, గౌరవంగా. "మీరు పెద్దవారు సార్, మిమ్మల్ని చూస్తే మా నాన్నగారు గుర్తొస్తున్నారు, నేను చూసుకుంటాను" అంటాడు. బెదిరించినవాడు, ఓదార్చినవాడు ఒకే ముఠా. లక్షలు పంపించేది మొదటివాడికి భయపడి మాత్రమే కాదు, రెండోవాడిని నమ్మి కూడా. వీళ్లు చెప్పే ఈ డిజిటల్ అరెస్ట్ అనేది మన చట్టంలో ఎక్కడా లేదు. ఎవరైనా మిమ్మల్ని ఇంట్లోవాళ్లకు చెప్పొద్దంటే, ఆ క్షణమే గది తలుపు తీసి గట్టిగా పిలవండి. డబ్బు వెళ్లిపోయి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. మాస్టారుగారి పిల్లలకు కూడా ఒక మాట: "ఇంత చదువుకుని ఎలా మోసపోయావు నాన్నా" అని ఒక్కసారి అన్నారో, వచ్చేసారి ఆయన మీకు చెప్పరు.

బయటపడ్డాక ఏమిటన్నది ఎవరూ పట్టించుకోని భాగం. వియన్నాలో పదేళ్ల వయసులో బడికి వెళ్తూ అపహరణకు గురైన నటాషా కంపుష్ ఎనిమిదేళ్ల పైన ఒక ఇంటి కింద గదిలో బతికి, 2006 ఆగస్టులో తప్పించుకుంది. ఆ రోజే ఆమెను బంధించినవాడు రైలు కింద పడి చనిపోయాడు. ఆమె అతనికోసం ఏడ్చిందని తెలిసి జనం నోళ్లు నొక్కుకున్నారు. వెంటనే స్టాక్‌హోమ్ ముద్ర వేశారు. ఆమె ఒప్పుకోలేదు. అన్నేళ్లూ తన బతుకంతా ఆ మనిషి చుట్టూనే నడిచింది, ఆ సంబంధాన్ని తన మాటల్లో చెప్పుకునే హక్కును ఆ ముద్ర లాక్కుంటోందని ఆమె వాదన. ఆమె నిందితురాలిగా కోర్టు బోను ఎక్కవలసి రాలేదు, అది నయం. 1974లో ఇరవై ఏళ్లు నిండకముందే కాలిఫోర్నియాలో అపహరణకు గురైన పాటీ హర్స్ట్, రెండు నెలలకే అపహరించినవాళ్లతో కలిసి బ్యాంకు దోపిడీలో తుపాకీతో కనిపించింది. భయంతో చేశానన్న ఆమె మాటను కోర్టు నమ్మలేదు, జైలుకు పంపింది. 1979లో అధ్యక్షుడు కార్టర్ శిక్ష తగ్గించారు, 2001లో క్లింటన్ క్షమాభిక్ష ఇచ్చారు.

మీ ఇంటికి చేరిన చెల్లెలు కూడా ఏడుస్తుంది. అతను అన్నం తిన్నాడో లేదో అంటుంది. పండగనాడు అతని ఫొటో చూస్తూ కూర్చుంటుంది. వాడికోసం ఏడుస్తావా అని కసరకండి. ఏడవనివ్వండి. కొట్టినవాడికోసం కాకపోయినా, తాను కట్టుకుందామనుకున్న కాపురం కోసమైనా ఆమె ఏడవాలి. చీరలు కొనిచ్చినట్టు సలహాలు కొనివ్వకండి. మొదటి నెల ఏ కూర వండాలో ఆమెనే అడగండి, ఏ టీవీ చానల్ పెట్టాలో ఆమెనే అడగండి. చిన్నవే, కానీ ఏళ్ల తరబడి ఆమెను ఎవరూ అడగని ప్రశ్నలు. అవసరమైతే మానసిక నిపుణుల దగ్గరికి తీసుకెళ్లండి, మీ వీధివాళ్లకు తెలియాల్సిన పని లేదు.

ఆమె తిరిగి వెళ్లిపోవచ్చు కూడా. చాలామంది ఒక్కసారితో బయటపడరు. అలా వెళ్లిన రోజు తలుపు విసురుగా వేయకండి, "ఇక నీ ఖర్మ" అనే మాట నోట రానివ్వకండి. కాగితాల సంచి మీ బీరువాలోనే ఉంచండి. వెనక గది అద్దెకివ్వకండి. ఆదివారం ఎప్పటిలా ఫోన్ చేసి బాబు బడికి వెళ్తున్నాడా అని అడగండి.